పాత లేత్‌లో టేపర్ వస్తోందా? లెవెలింగ్, స్క్రేపింగ్, బెడ్ గ్రైండింగ్: ఇంటి వర్క్‌షాప్‌కి ఏది సరిపోతుంది

మూతపడ్డ వర్క్‌షాప్ నుంచో, కాలేజీ వేలంలోనో, పాత ఇనుము కింద తూకానికి పోబోతుంటే ఆపో, ఒక ఆరడుగుల లేత్ తెచ్చి ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నారు. చక్‌లో రాడ్డు పట్టి ఒక కోత వేసి మైక్రోమీటర్ పెడితే ఒక చివర 24.98, ఆరంగుళాల అవతల 25.02. ఇలా ఒక చివర సన్నం, ఇంకో చివర లావు రావడమే టేపర్. అక్కడినుంచి టెన్షన్ మొదలు. ఒకాయన బెడ్డు (మెషిన్ పొడవునా ఉండే పోత ఇనుము పట్టాల దిమ్మ) అరిగిపోయింది, చెన్నై పంపి గ్రైండింగ్ చేయించన్నా అంటాడు. ఇంకొకాయన స్క్రేపర్ (ఇనుముని చేత్తో గోకే పనిముట్టు) పట్టుకుని కూర్చుంటే మీరే చేసుకోవచ్చంటాడు. మూడో ఆయన ఇది అమ్మేసి హెచ్‌ఎంటి కంపెనీ లేత్ చూసుకోమంటాడు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్ళే, ముగ్గురి మాటా ఎక్కడో ఒకచోట నిజమే, కానీ మీ మెషిన్‌లో తప్పు ఎక్కడుందో ముగ్గురిలో ఎవరూ కొలవలేదు.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంటి దగ్గర లేత్ పెట్టుకున్న చాలామందికి బెడ్ గ్రైండింగ్ అవసరం ఉండదన్నది నా గట్టి అభిప్రాయం. అవసరం ఉన్నవాళ్ళు కొందరున్నారు, వాళ్ళకి అది తప్ప వేరే దారి లేదు. మీరు ఎటువైపు ఉన్నారో తేల్చుకోవడానికి కావలసినవి ఒక డయల్ (సన్నటి కదలికని ముల్లుతో చూపించే గేజీ), ఒక మైక్రోమీటర్, ఒక ఆదివారం.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు చూడాల్సింది మీరు చేసే జాబ్ పొడవు. దీన్ని ఎవరూ అడగరు, కానీ సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. పైన చెప్పిన లేత్‌నే తీసుకోండి, 150 మి.మీ. పొడవులో వ్యాసం 0.04 మి.మీ. మారుతోంది. బోరు మోటార్ షాఫ్ట్ మీద 6205 బేరింగ్ సీటు తీయాలనుకుందాం. బేరింగ్ లోపలి రంధ్రం 25 మి.మీ., వెడల్పు 15 మి.మీ. ఆ 15 మి.మీ.లో వచ్చే టేపర్ 0.004 మాత్రమే. షాఫ్ట్‌కి కే6 ఫిట్ (బేరింగ్ బిగువుగా కూర్చునే కొలత) అంటే 25.002 నుంచి 25.015 మధ్య ఎక్కడున్నా సరే. అంటే "అరిగిపోయిన" ఈ లేత్ బేరింగ్ సీటు బాగానే తీస్తుంది, టేపర్ పోను ఇంకా చోటు మిగులుతుంది. ఇదే లేత్ మీద 600 మి.మీ. కన్వేయర్ రోలర్ తిప్పితే మాత్రం తప్పు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

రెండోది తప్పు ఎక్కడినుంచి వస్తోంది. బెడ్ మెలిక, హెడ్‌స్టాక్ (చక్‌ని తిప్పే స్పిండిల్ ఉండే పెట్టె) బేరింగ్, గిబ్‌లు (జారే భాగాల వదులు సరిపెట్టే పట్టీలు), టెయిల్‌స్టాక్ (జాబ్ అవతలి చివరని పట్టే భాగం), చక్, బెడ్ అరుగుదల, వీటిలో దేనివల్లైనా జాబ్ మీద కొలత తప్పుతుంది, కానీ ఒక్కోదానికి మందు వేరు.

మూడోది బెడ్ గట్టిదా, మెత్తదా. బెడ్ చివర, టెయిల్‌స్టాక్ వైపు శాడిల్ (టూల్‌ని మోస్తూ బెడ్ మీద నడిచే బండి) ఎప్పుడూ వెళ్ళని మూల ఒకటి ఉంటుంది. అక్కడ సన్న ఆకురాయితో మెల్లగా ఒకసారి గీయండి. ఆకురాయి పట్టుకుని పొడి రాలితే మామూలు పోత ఇనుము. గాజు మీద జారినట్టు జారిపోతే గట్టిపరిచిన బెడ్, దాని మీద చేతి స్క్రేపర్ పనిచేయదు, స్క్రేపింగ్ అనే మార్గం అక్కడికక్కడే మూసుకుపోయినట్టే. బటాలా, రాజ్‌కోట్ తేలికరకం లేత్‌లలో చాలావాటికి బెడ్ మామూలు పోత ఇనుమే. హెచ్‌ఎంటి రకాల్లో గట్టిపరిచినవి ఎక్కువ కనిపిస్తాయి. పేరుని నమ్మకండి, ఆకురాయిని నమ్మండి.

ఇక మెషిన్ లేకుండా ఎన్నాళ్ళు ఆగగలరు అన్నది. దానిమీద రోజూ డబ్బులు వస్తున్నవాళ్ళకీ, సాయంత్రాలు ఇష్టంకొద్దీ పనిచేసుకునేవాళ్ళకీ ఇక్కడ జవాబు ఒకటి కాదు.

## కొలిచాకే ఖర్చు

ఈ పరీక్షలు పొద్దున్నే చేయండి. రేణిగుంట వైపు రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఏ కొలతా నిలబడదు. 50 మి.మీ. ఉక్కు ముక్క 20 డిగ్రీలు వేడెక్కితే 0.011 మి.మీ. పెరుగుతుంది, కోత వేసిన వేడి జాబ్‌ని అప్పుడే కొలిస్తే ఆ తేడా మెషిన్ ఖాతాలో పడుతుంది. కిటికీలోంచి ఎండ బెడ్‌కి ఒకపక్కే తగులుతుంటే ముందు దానికి గోనెపట్టా కట్టండి.

స్పిండిల్ ఆట, అంటే వదులు. డయల్ మాగ్నెట్‌ని బెడ్ మీద పెట్టి, ముల్లు చక్ మీద కాకుండా స్పిండిల్ ముక్కు మీదే ఆనించండి. చక్‌లో పట్టిన లావు రాడ్డుని కర్రతో పైకి ఎత్తి వదలండి. ముల్లు నాలుగైదు గీతలు కదిలి వెనక్కి వస్తే బేరింగ్ వదులుగా ఉంది. దీన్ని సరిచేయకుండా మిగతా ఏ పరీక్షా చేయవద్దు, ఏ అంకె వచ్చినా దాన్ని నమ్మలేం.

చక్ రన్‌అవుట్‌ని (తిరిగేటప్పుడు ఊగడాన్ని) దీంతో కలపకండి. మూడు దవడల చక్‌లో 0.1 ఊగడం మామూలే. జాబ్‌ని తీయకుండా ఒకే పట్టులో మొత్తం తిప్పేస్తే తీసిన భాగాలన్నీ ఒకే సెంటర్‌కి వస్తాయి. చక్ ఊగుతోందని బెడ్‌ని తిట్టేవాళ్ళు చాలామంది.

రెండు కాలర్ల పరీక్ష. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే. 40 మి.మీ. ఉక్కు రాడ్డు తీసుకుని చక్ బయటికి 200 మి.మీ. దాకా రానివ్వండి, టెయిల్‌స్టాక్ పెట్టొద్దు. మధ్యలో ఒక మిల్లీమీటరు లోతుగా తీసేసి, చక్ దగ్గర ఒక కాలర్, బయటి చివర ఒక కాలర్, ఒక్కోటి 20 మి.మీ. వెడల్పున మిగల్చండి. పదునైన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్, ముక్కు చిన్నగా. 0.05 లోతు పెట్టి ఆటో ఫీడ్‌లో బయటి కాలర్ మీదినుంచి లోపలి కాలర్ దాకా ఒకే దెబ్బలో రండి, మధ్యలో క్రాస్ స్లైడ్ (టూల్‌ని జాబ్ వైపు జరిపే భాగం) హ్యాండిల్ తాకొద్దు. అదే సెట్టింగ్‌లో ఇంకోసారి ఖాళీ కోత వేయండి. రెండోసారి టూల్ గుసగుసలాడుతూ దుమ్ములాంటి పొడి మాత్రమే తీయాలి, అప్పుడే రాడ్డు వంగి తప్పించుకున్నది కూడా తెగిపోయినట్టు. రాడ్డు చల్లబడ్డాక రెండు కాలర్లనీ కొలవండి.

బయటి కాలర్ లావుగా ఉంటే బెడ్ మెలికో, హెడ్‌స్టాక్ పక్కకి చూడడమో, లేదా లోతు ఎక్కువై రాడ్డు వంగడమో. చక్ దగ్గరి కాలర్ లావుగా ఉంటే బెడ్ అరుగుదల కూడా అనుమానితుల్లో చేరుతుంది, ఎందుకంటే అరుగుదల ఎప్పుడూ చక్ దగ్గరే ఎక్కువ, లేత్ మీద సగం పైగా పని ఆ అడుగు దూరంలోనే జరుగుతుంది.

బెడ్ అరుగుదల. శాడిల్ నడిచే పట్టాలు వేరు, టెయిల్‌స్టాక్ కూర్చునే పట్టాలు వేరుగా ఉన్న బెడ్ అయితే పని సులువు. టెయిల్‌స్టాక్ పట్టాలు పెద్దగా అరగవు. డయల్‌ని శాడిల్ మీద పెట్టి ముల్లుని టెయిల్‌స్టాక్ చదును పట్టా మీద ఆనించి, కుడి చివర సున్నా చేసి, మెల్లగా చక్ దాకా రండి. శాడిల్ ఎంత దిగిందో ముల్లే చెబుతుంది. ముందు పట్టా దగ్గర, వెనక పట్టా దగ్గర విడివిడిగా చూడండి, ఎందుకో కింద చెబుతాను. డయల్ లేకపోయినా ఇంకో పరీక్ష ఉంది: శాడిల్ కింది గిబ్‌ని చక్ దగ్గర బిగువుగా సరిపెట్టి కుడివైపు తోయండి. సగం దారిలో బిగుసుకుపోతే, చక్ దగ్గర అరిగింది, అక్కడ అరగలేదు.

శాడిల్ దిగిందనగానే భయపడిపోతారు. రెండు పట్టాలూ సమానంగా 0.1 దిగితే టూల్ కూడా 0.1 కిందికి వస్తుంది, 25 మి.మీ. జాబ్ మీద దాని ప్రభావం వెయ్యో వంతు మిల్లీమీటరు కూడా ఉండదు. అసలు నష్టం ముందు పట్టా ఒక్కటే దిగినప్పుడు. పట్టాల మధ్య దూరం 250, సెంటర్ ఎత్తు 200 అనుకుంటే, ముందు పట్టా 0.1 దిగగానే శాడిల్ మనవైపు వాలి టూల్ ముక్కు 0.08 వెనక్కి జరుగుతుంది. వ్యాసంలో అది 0.16. అందుకే ఎంత అరిగిందన్నది ఒక్కటే చాలదు, ముందు వెనకల తేడా ఎంతన్నది కావాలి.

టెయిల్‌స్టాక్‌ని చివర్లో చూసుకోవచ్చు. రెండు సెంటర్ల మధ్య టెస్ట్ బార్ పెట్టి పక్కనా పైనా డయల్ నడిపిస్తే చాలు. పక్కకి ఉంటే దానికే స్క్రూలు ఉంటాయి, ఎత్తు తగ్గితే బేస్‌కీ బాడీకీ మధ్య షిమ్ (పల్చటి రేకు).

## మొదటి మార్గం: లెవెలింగ్, బిగింపులు, సర్దుబాట్లు

మంచం కాలి కింద చెక్కముక్క పెట్టినట్టు పెట్టేసిన లేత్‌లు మన దగ్గర చాలా ఉన్నాయి. నాలుగు మూలల్లో ఒకటి కొద్దిగా ఎత్తుగా ఉంటే అంత బరువైన పోత ఇనుము కూడా మెలి తిరుగుతుంది, టన్ను బరువున్న మెషిన్ ఎక్కడ తిరుగుతుందిలే అనుకోవద్దు. మెలిక ఉంటే శాడిల్ కుడివైపు వెళ్ళేకొద్దీ వాలుతుంది, టూల్ దగ్గరికో దూరానికో పోతుంది, అరుగుదల లక్షణాలన్నీ కనిపిస్తాయి, బెడ్ మాత్రం బాగానే ఉంటుంది.

వడ్రంగి లెవెల్ దీనికి పనికిరాదు. మీటరుకి 0.02 చూపించే మెషిన్ లెవెల్ కావాలి. కొనక్కర్లేదు, మెషిన్లు దించి నిలబెట్టే మేస్త్రీల దగ్గర ఉంటుంది, ఒక పూటకి అడిగి తెచ్చుకోండి. దాన్ని బెడ్‌కి అడ్డంగా చక్ దగ్గర ఒకసారి, కుడి చివర ఒకసారి పెట్టండి. రెండు చోట్లా బుడగ ఒకేచోట ఉండాలి. భూమికి సమంగా ఉందా లేదా అన్నది లేత్‌కి పట్టదు, రెండు చివరలూ ఒకేలా ఉన్నాయా అన్నదే ముఖ్యం. పైన చెప్పిన సైజు మెషిన్‌కి లెవెల్‌లో ఒక గీత తేడా అంటే వ్యాసంలో సుమారు 0.008.

లెవెల్ దొరక్కపోతే రెండు కాలర్లతోనే చేయొచ్చు. బయటి కాలర్ లావుగా వస్తే టెయిల్‌స్టాక్ వైపు ముందరి కాలు కొంచెం ఎత్తండి, శాడిల్ వెనక్కి వాలి టూల్ జాబ్‌లోకి వెళ్తుంది. మళ్ళీ కోత, మళ్ళీ కొలత. ఓపిక పడితే 0.04 కాస్తా 0.01 లోపలికి వస్తుంది. ఆ రాత్రి వదిలేసి మరునాడు మళ్ళీ చూడండి, మెషిన్ సర్దుకుంటుంది.

కాళ్ళ కింద రబ్బరు ప్యాడ్లు వద్దు, వాటి మీద ఈ సర్దుబాటు నిలవదు. టైల్స్ నేల అసలే వద్దు. కాంక్రీటు నేల మీద ఉక్కు పలకలు, వాటి మీద జాక్ బోల్టులు, తర్వాత యాంకర్ బోల్టులతో బిగింపు. మన ఎర్రనేల మీద పల్చగా పోసిన గచ్చు నవంబరు వానలకి ఒకరకంగా, ఎండలకి ఒకరకంగా ఉంటుంది, కాబట్టి వానలయ్యాక ఒకసారి, వేసవిలో ఒకసారి చూసుకోవాలి.

ఇదే ఊపులో గిబ్‌లు సరిపెట్టండి, స్పిండిల్ బేరింగ్ నట్టు బిగించండి. టేపర్ రోలర్ బేరింగ్ అయితే బిగించాక గంటసేపు మధ్య వేగంలో తిప్పి హెడ్‌స్టాక్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేకపోతే ఎక్కువ బిగించారు, కొంచెం వదలండి. పాత రకంలో గన్‌మెటల్ బుష్‌లు ఉంటే మూత కింద షిమ్ పల్చన చేసి చూడాలి, నూనె సరిగ్గా దిగుతోందో లేదో కూడా.

ఖర్చు బోల్టులకీ పలకలకీ. అరిగిన బెడ్‌ని ఇది బాగుచేయదు, కానీ మీకు అరుగుదల నిజంగా ఎంతుందో తేలేది ఇది చేశాకే.

## రెండో మార్గం: చిన్న భాగాలు మార్చడం

క్రాస్ స్లైడ్ హ్యాండిల్‌లో పావు చుట్టు ఆట ఉంది, అందుకే కొలత రావడం లేదు అంటారు. ఆట వేరు, తప్పు వేరు. టూల్‌ని ఎప్పుడూ ఒకేవైపు నుంచి తెస్తే, అంటే దాటిపోతే మొత్తం వెనక్కి తీసి మళ్ళీ ముందుకి వస్తే, ఆట కొలతలోకి రాదు. చికాకు నిజమే. మధ్య భాగంలో స్క్రూ బాగా అరిగి, ఒకచోట ఒక చుట్టుకి వెళ్ళే దూరం ఇంకోచోట వెళ్ళకపోతే అప్పుడు మాత్రం అది తప్పే. అప్పుడు స్క్రూ, నట్టు రెండూ మార్చాలి. నట్టు ఒక్కటే కొత్తది వేస్తే స్క్రూ చివర్లలో బిగుసుకుపోతుంది.

హాఫ్ నట్ (శాడిల్‌ని పొడవాటి లీడ్ స్క్రూకి పట్టించే నట్టు) అరిగితే మరలు తీసేటప్పుడు తెలుస్తుంది. గన్‌మెటల్‌తో కొత్తది చేయించడం చిత్తూరులో, తిరుపతిలో అయ్యే పనే, చెరకు గానుగలకి బుష్‌లు తిప్పే షాపులకి గన్‌మెటల్ కొత్త కాదు.

డిజిటల్ రీడౌట్ గురించి చాలామంది అడుగుతున్నారు. క్రాస్ స్లైడ్ స్క్రూ ఎంత అరిగినా అది పట్టించుకోదు, స్లైడ్ నిజంగా ఎంత జరిగిందో చూపిస్తుంది, నాకు ఈ ఖర్చు నచ్చుతుంది. కానీ శాడిల్ వాలితే దానికి తెలియదు. టేపర్ పోవడానికి రీడౌట్ కొంటే డబ్బు వృథా.

## మూడో మార్గం: చేతి స్క్రేపింగ్

నాకు ఎంతో గౌరవం ఉన్న పని ఇది. సర్ఫేస్ ప్లేట్ మీద నీలం రంగు పల్చగా పూసి, భాగాన్ని దాని మీద రుద్ది ఎత్తితే, ఎత్తుగా ఉన్న చోట్ల నీలం చుక్కలు అంటుకుంటాయి. ఆ చుక్కల్నే స్క్రేపర్‌తో గోకి, తుడిచి, మళ్ళీ రుద్దాలి. మొదట్లో నాలుగు పెద్ద మచ్చలు, అవే విడిపోయి పది, ఇరవై చుక్కలు, చివరికి మొత్తం మీద సమానంగా. బాగా రుద్దుకున్న చుక్క మధ్యలో నీలం పోయి ఇనుము మెరుస్తుంది, చుట్టూ సన్నటి నీలం అంచు ఉంటుంది. అన్నిటికంటే ఎత్తు అదే, ముందు దాన్నే గోకాలి.

ఒక్కో విడతకి పోయేది కొన్ని మైక్రాన్లే. అంటే 0.1 అరిగిన ఆరడుగుల బెడ్‌ని ఇలా సరిచేయడానికి ఎన్ని విడతలు కావాలో లెక్క వేసుకోండి. అదీ ఒక పట్టా కాదు, వి పట్టాకి రెండు పక్కలు, చదును పట్టా, టెయిల్‌స్టాక్ పట్టాలు, అన్నీ ఒకదానికొకటి సమాంతరంగా. దానికి నమ్మకమైన పొడవాటి స్ట్రెయిట్ ఎడ్జ్ కావాలి, దాని ఖరీదు చూస్తే గ్రైండింగే చవక అనిపిస్తుంది.

కాబట్టి నా సలహా: బెడ్‌ని స్క్రేప్ చేయొద్దు, క్రాస్ స్లైడ్, కాంపౌండ్ (దాని మీద ఉండే చిన్న స్లైడ్), శాడిల్ పైభాగం స్క్రేప్ చేయండి. ఇవి చిన్నవి, చిన్న సర్ఫేస్ ప్లేట్ సరిపోతుంది, కొన్ని వారాల సాయంత్రాల్లో అవుతాయి. ఫేసింగ్ కోతలో (జాబ్ ముఖం చదును చేసేటప్పుడు) వచ్చే తేడా ఎక్కువగా ఇక్కడిదే. ఫేస్ చేసిన పలక మధ్యలో కొంచెం లోతుగా ఉండొచ్చు, ఉబ్బుగా మాత్రం ఉండకూడదు. ఉబ్బుగా వస్తుంటే క్రాస్ స్లైడ్ దారిని సరిచేసుకోవడానికి స్క్రేపింగ్‌ని మించింది లేదు.

## నాలుగో మార్గం: బెడ్ గ్రైండింగ్, శాడిల్‌కి లైనింగ్

అరుగుదల నిజంగా ఉంది, జాబ్‌లు పొడవు, బెడ్ బరువైనది, మంచి పోత. అప్పుడు దారి ఇదే. స్లైడ్‌వే గ్రైండింగ్ మెషిన్లు మనకి దగ్గర్లో ఉండేది చెన్నై అంబత్తూరు వైపు, బెంగళూరు పీణ్య వైపు. తిరుపతివాళ్ళకి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై దగ్గర. చిత్తూరువాళ్ళు పలమనేరు, కోలారు మీదుగా బెంగళూరైనా వెళ్ళొచ్చు, చెన్నై అయినా పెద్ద తేడా లేదు.

గ్రైండింగ్ అంటే బెడ్ పంపి తెప్పించుకోవడం మాత్రమే అనుకుంటారు. అసలు పని తెచ్చాక మొదలవుతుంది. బెడ్ మీద 0.3 మి.మీ. తీశారనుకోండి, శాడిల్ అంత దిగుతుంది, అరిగిన శాడిల్ అడుగుని కూడా సరిచేస్తే ఇంకా దిగుతుంది. దాంతోపాటు ఆప్రాన్ (శాడిల్ ముందు వేలాడే గేర్ల పెట్టె) దిగుతుంది, కానీ లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్ బ్రాకెట్లు పాతచోటే ఉంటాయి. హాఫ్ నట్ వేయగానే స్క్రూ వంగుతుంది. టెయిల్‌స్టాక్ కూడా దిగుతుంది. ఇవన్నీ మళ్ళీ కలిపితేనే లేత్ అవుతుంది.

అందుకే గ్రైండింగ్ చేయిస్తే శాడిల్ అడుగున టర్‌సైట్ లాంటి ప్లాస్టిక్ లైనింగ్ వేయించడం కూడా లెక్కలో పెట్టుకోండి. 0.8 మి.మీ. నుంచి పైకి రకరకాల మందాల్లో దొరుకుతుంది. శాడిల్‌ని తగినంత మిల్లింగ్ చేసి, జిగురుతో అంటించి, పూర్తిగా ఆరాక కొత్త బెడ్‌కి సరిపోయేలా స్క్రేప్ చేసి, నూనె గాడులు తీస్తారు. శాడిల్ పాత ఎత్తుకి వస్తుంది, లీడ్ స్క్రూతో మళ్ళీ కలుస్తుంది, ఇనుము మీద ఇనుము రుద్దుకోవడం కూడా పోతుంది. మెత్తదనం వల్ల ఇనుప రజను దిగబడే ప్రమాదం ఉంది, శాడిల్ వైపర్లు బాగుండాలి.

షాపువాళ్ళతో ముందే మాట్లాడుకోవాల్సినవి: బెడ్‌ని దేని ఆధారంగా సెట్ చేస్తారు (అరగని తలాలు, అంటే హెడ్‌స్టాక్ కూర్చునే చోటు, ర్యాక్ బిగించే ముఖం ఆధారం కావాలి), హెడ్‌స్టాక్ సీటుని కూడా అదే సెట్టింగ్‌లో గ్రైండ్ చేస్తారా, ఎంత మందం తీశారో రాసిస్తారా. మూడోదానికి కుదరదు అనే షాపు నాకొద్దు, ఆ అంకె లేకుండా లైనింగ్ మందం తేల్చలేం.

తిరిగి బిగించాక హెడ్‌స్టాక్ చూపు తప్పకుండా చూసుకోండి. స్పిండిల్‌లో టెస్ట్ మాండ్రెల్ పెట్టి 300 మి.మీ. పొడవున డయల్ నడిపించండి, స్పిండిల్‌ని అర చుట్టు తిప్పి మళ్ళీ నడిపించి సగటు తీయండి. లేత్‌ల పరీక్షకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1708 ప్రకారం మామూలు లేత్‌కి పక్కకి 0.015, అదీ టూల్ వైపే, పైకి 0.02 దాకా ఉండొచ్చు. కిందికి గానీ వెనక్కి గానీ చూడకూడదు.

## ఐదో మార్గం: ఇది అమ్మి ఇంకోటి కొనడం

ఎందుకు కొంటున్నారన్నదాన్ని బట్టి. కొంచెం అరిగిన హెచ్‌ఎంటినో, హరిహర్ కిర్లోస్కర్‌నో, కొత్త తేలికరకం మెషిన్‌కంటే నేను ఎప్పుడూ పైనే పెడతాను. బరువుంటే కోత వణకదు, వణకకపోతే సగం కొలత వచ్చినట్టే. కానీ అవి చాలావరకు త్రీ ఫేజ్, ఐదు హెచ్‌పీ, పైగా చిన్న గల్లీలోకి రావాలంటే క్రేన్. ఇంట్లో సింగిల్ ఫేజే ఉంటే మూడు హెచ్‌పీ దాకా వీఎఫ్‌డీతో (సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్‌గా మార్చే డ్రైవ్) నడిపించుకోవచ్చు, ఆ పైన కనెక్షన్ మార్పించుకోవాలి.

కొత్త చిన్న బెంచ్ లేత్ కొనుక్కుంటే అన్నీ తీరిపోతాయి అనేవాళ్ళకి ఒకటే మాట. దానికీ లెవెలింగ్ కావాలి, దాని గిబ్‌లనీ సరిపెట్టాలి.

హెడ్‌స్టాక్ పగిలి అతుకు వేసి ఉన్నా, గేర్లు పళ్ళూడి దొరకనివైనా, తేలికరకం బెడ్ బాగా అరిగిపోయినా, మరమ్మతుకి డబ్బు పెట్టకుండా మార్చేయండి. ఇంకో పాతది చూడ్డానికి వెళ్ళినప్పుడు 40 మి.మీ. రాడ్డు, మైక్రోమీటర్ సంచిలో వేసుకుని వెళ్ళండి. రెండు కాలర్లు తీయనివ్వని అమ్మకందారు దగ్గర కొనొద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | ఏది బాగవుతుంది | ఏది బాగవదు | మెషిన్ ఆగేది | ఖర్చు |
|---|---|---|---|---|
| లెవెలింగ్, సర్దుబాట్లు | మెలిక, స్పిండిల్ ఆట, వదులు గిబ్‌లు | బెడ్ అరుగుదల | రెండు మూడు రోజులు | చాలా తక్కువ |
| చిన్న భాగాలు | స్క్రూ, నట్టు, బేరింగ్, దవడలు | టేపర్ | భాగం వచ్చేదాకా | తక్కువ నుంచి మధ్యస్థం |
| స్క్రేపింగ్ (బెడ్ తప్ప) | ఫేసింగ్ తేడా, స్లైడ్‌ల దారి | చక్ దగ్గరి గుంత, గట్టి బెడ్ | వారాలు, నెలలు | డబ్బు తక్కువ, సమయం చాలా ఎక్కువ |
| గ్రైండింగ్, లైనింగ్ | బెడ్ అరుగుదల పూర్తిగా | హెడ్‌స్టాక్, స్క్రూల అరుగుదల | నెల పైనే అనుకోండి | అన్నిటికంటే ఎక్కువ, రవాణా అదనం |
| మార్చేయడం | మంచిది దొరికితే అన్నీ | మళ్ళీ కొలవాల్సిన పని | దొరికేదాకా | బేరాన్ని బట్టి |

## ఎవరికి ఏది

బోరు మోటార్లు, ట్రాక్టర్ పిన్నులు, గానుగ బుష్‌లు చేసేవాళ్ళు. మీ జాబ్‌లో కొలత పట్టాల్సిన పొడవు అరచేయి దాటదు. మొదటి మార్గం, అవసరమైతే రెండోది, అంతే. బెడ్ చక్ దగ్గర 0.05 అరిగినా మీ పని ఆగదు. డబ్బు మిగిలితే మంచి మైక్రోమీటర్, నాలుగు దవడల చక్ కొనండి, బేరింగ్ సీట్లకి అవి ఎక్కువ ఉపయోగం.

ఇష్టంకొద్దీ చిన్న ఇంజన్లు, మోడళ్ళు చేసుకునేవాళ్ళకి సమయం ఉంటుంది, మెషిన్ ఆగినా తిండికి ఇబ్బంది లేదు. లెవెలింగ్ తర్వాత స్క్రేపింగ్ నేర్చుకోండి. కాంపౌండ్‌తో మొదలుపెట్టండి, అది చెడినా నష్టం చిన్నదే.

చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి రోలర్లు, గ్రానైట్ పాలిషింగ్ మెషిన్లకి షాఫ్ట్‌లు తిప్పేవాళ్ళది వేరే లెక్క. అర మీటరు దాటిన జాబ్ మీద చక్ దగ్గరి గుంత అచ్చు దిగుతుంది. టెయిల్‌స్టాక్‌ని పక్కకి జరిపి టేపర్ సర్దుబాటు చేయొచ్చు, కానీ గుంత టేపర్ కాదు, మధ్యలో వచ్చే తేడా దాంతో పోదు. బెడ్ మంచిదైతే గ్రైండింగ్ చేయించండి. మామిడి సీజన్ ముగిశాక, ఆగస్టు తర్వాత పంపితే ఆర్డర్లు పోవు. పంపేముందు స్పిండిల్, లీడ్ స్క్రూ పరిస్థితి కూడా చూసుకోండి, అవి కూడా పోయి ఉంటే ఆ మొత్తం డబ్బుకి ఇంకో మెషిన్ వస్తుందేమో లెక్క వేయండి.

కొత్తగా నేర్చుకుంటున్న ఐటీఐ పిల్లలకి మొదటి మార్గం తప్ప వేరేది వద్దు. రెండు కాలర్లు తీసి, కాళ్ళు సరిచేసి, ఆ అంకెల్ని తేదీతో సహా మెషిన్ పక్క గోడ మీద రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ తీస్తే, నేల కదిలిందా బెడ్ అరుగుతోందా తెలిసిపోతుంది.

ఏ మార్గం ఎంచుకున్నా బెడ్‌కి 68 గ్రేడ్ స్లైడ్‌వే ఆయిల్ వాడండి, పాత ఇంజన్ ఆయిల్ కాదు, అందులో ఉండే నుసి బెడ్‌ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. పక్కన గ్రైండర్ ఉంటే దాన్ని షెడ్డు అవతలి మూలకి మార్చండి, మార్చలేకపోతే గ్రైండింగ్ చేసేటప్పుడల్లా బెడ్ మీద తడి గుడ్డ కప్పి, అయ్యాక తీసి, బెడ్ తుడిచి నూనె రాయండి.